దయ్యాల గోడు విన్న సుభద్ర గారు

సుభద్ర గారి భర్త సత్యనారాయణ గారు ఫోన్ చేసేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. కరోనా రెండో ఉద్ధృతి సూరత్‌ను కుదిపేస్తున్న రోజులవి. "సరితా, మీ మేడమ్ వెళ్లిపోయారమ్మా" అన్నారు. "ఎక్కడికండీ?" అని అడిగాను. "ఇక లేరమ్మా" అన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు ఎంతసేపు పట్టిందో ఇప్పటికీ తెలియదు. ముందురోజు ఉదయమే మేడమ్ ఆస్పత్రి నుంచి సందేశం పంపారు: ఆక్సిజన్ బాగానే అందుతోంది, గురువారం రావలసిన ఇద్దరితో నువ్వే మాట్లాడు, వారం తప్పించవద్దు అని. ఆ ఇద్దరిలో ఒకరితో మాట్లాడి ఫోన్ పెట్టేశానో లేదో, ఈ పిలుపు వచ్చింది.

సుభద్ర గారు మనోచికిత్సకురాలు. "నేను డాక్టర్ని కాను. మందులు రాయను. మాట వింటాను" అని కొత్తగా వచ్చిన ప్రతివారికీ ముందే చెప్పేవారు. అయినా సూరత్‌లోని పాండేసర బట్టల మిల్లుల్లో పనిచేసే తెలుగువాళ్లకు ఆమె డాక్టరమ్మే. ఇరుగుపొరుగు గుజరాతీలకు సుభద్రాబెన్. నాకు మేడమ్, గురువు. తొమ్మిదేళ్లపాటు ఆమె పక్క కుర్చీలో కూర్చుని పని నేర్చుకున్నాను. అంత్యక్రియలకు భర్త ఒక్కరినే అనుమతించారు. ఆ ముఖాన్ని చివరిసారి చూసే భాగ్యం మాలో ఎవరికీ దక్కలేదు.

పది రోజుల తర్వాత అందరం ఎవరి ఇళ్లలో వాళ్లం తెరల ముందు కూర్చుని సంతాపసభ జరుపుకున్నాం. కరుణామూర్తి అన్నారు. మృదుభాషిణి అన్నారు. మేడమ్ మృదుభాషిణి కారు. నన్ను ఎన్నిసార్లు ఏడిపించారో నాకే గుర్తులేదు. చివరగా ఒక పెద్ద డాక్టరు గారు, "దయ్యాల సినిమాలతో ఆమె చేసిన వింత ప్రయోగాలను మనం మరచిపోదాం. చివరి కాలంలో ఆమే వాటిని మానుకున్నారు" అని ఎంతో ఔదార్యంతో సెలవిచ్చారు. నేను నోరు తెరిచేలోపు సభ ముగిసింది. అప్పుడు చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం. ఆమె మానుకోలేదు. మరచిపోవడానికి నేను ఒప్పుకోను.

మేడమ్ పుట్టి పెరిగింది కాకినాడలో. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు, పురిట్లోనే బిడ్డను పోగొట్టుకున్న పిన్ని తనలో తాను మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. దయ్యం పట్టిందని ఇంట్లోవాళ్లు భూతవైద్యుణ్ణి పిలిపించారు. అతడు వేపమండలతో కొడుతూ, పోతావా పోవా అని గద్దించాడు. పోతాను, పోతాను అని పిన్ని అరిచింది. దయ్యం వదిలిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పిన్ని మాత్రం ఆ తర్వాత బతికినంతకాలం ఎవరితోనూ మనసు విప్పి ఒక్క మాట మాట్లాడలేదట. మరో అయిదేళ్లకు, మేడమ్ స్నేహితురాళ్లతో కలిసి ఇంట్లో చెప్పకుండా ఒక దయ్యాల సినిమాకు వెళ్లారు. అందులో అత్తవారు చంపేసిన కోడలు తిరిగివచ్చి తన కథ చెప్పుకుంటుంది. హాలంతా కేకలు పెడుతుంటే మేడమ్ ఒక్కరే వెక్కివెక్కి ఏడ్చారట. "తెరమీద దయ్యానికి తన గోడు చెప్పుకోవడానికి రెండున్నర గంటలు ఇచ్చారు, సరితా. మా పిన్నికి రెండు నిమిషాలు ఇవ్వలేదు" అన్నారు నాతో. ఆ ఒక్క మాటే ఆమె చికిత్సకు మూలసూత్రం. తక్కినదంతా దానికి వ్యాఖ్యానం.

భర్త ఉద్యోగం సూరత్ పక్కనే ఉన్న హజీరాలోని ఒక కర్మాగారంలో కావడంతో ఆమె సూరత్ వచ్చారు. కంపెనీ టౌన్‌షిప్‌లో ఇంజనీర్ల భార్యలు, బ్యాంకు వాళ్లు, రైల్వే వాళ్లు మొదట ఆమె దగ్గరికి వచ్చేవారు. కొన్నేళ్లకు ఆమే పాండేసర దగ్గర రెండు గదులు అద్దెకు తీసుకుని, షిఫ్టు దిగివచ్చే కార్మికులకు వీలయ్యే వేళల్లో కూర్చోవడం మొదలుపెట్టారు. సత్యనారాయణ గారికి దయ్యాల సినిమాలంటే మహా భయం. టీవీలో సంగీతం మారిందంటే పేపరు పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయేవారు. ముప్పై ఏళ్ల కాపురంలో ఒక్కటీ పూర్తిగా చూడలేదు; ఆఖరున ఏమైందో భోజనాల దగ్గర మేడమే చెప్పేవారు. మొన్న నేను వెళ్లినప్పుడు ఆయన ఆమె సీడీల అరల ముందు నిలబడి ఉన్నారు. ఒకటి తీసి చూపించి, "ఇది సగమే చూశానమ్మా. చివర ఏమవుతుంది?" అని అడిగారు. చెప్పాను. తల ఊపి, దాన్ని మళ్లీ అదే చోట పెట్టారు.

మేడమ్ ఏదో సినిమాలు వేసి జనాన్ని భయపెట్టేవారని ప్రచారం చేసినవాళ్లు ఆ గదిలోకి ఒక్కసారి కూడా వచ్చినవాళ్లు కారు. నూటికి తొంభై మందికి ఆమె సినిమా చూపించనే లేదు. కేవలం అడిగేవారు: చిన్నప్పటి నుంచి మిమ్మల్ని అన్నిటికంటే భయపెట్టిన సినిమా ఏది? అందులో ఏ చోట కళ్లు మూసుకున్నారు? తన కథ చెప్పలేని మనిషి కూడా సినిమా కథ ధారాళంగా చెబుతాడు. చెబుతూ చెబుతూ ఎక్కడో ఒకచోట తడబడతాడు. మేడమ్ ఆ తడబాటు దగ్గర ఆగేవారు. "దయ్యాల సినిమాలో ఇంట్లోవాళ్లంతా 'ఏమీ లేదు, పడుకో' అంటారు చూశావా? మన దగ్గరికి వచ్చేవాళ్లంతా ఆ మాట విని విని విసిగి వచ్చినవాళ్లే. మనమూ అదే అంటే ఇక వాళ్లు ఎక్కడికి పోవాలి?" అనేవారు. మరొకసారి, "దయ్యాన్ని వెళ్లగొట్టడం భూతవైద్యుడి పని. దాని పేరేమిటో, దానికేం కావాలో అడగడం మన పని" అన్నారు. భయాన్ని తెరమీద పెట్టి చూస్తే దానికో ఆకారం వస్తుంది, మొదలు వస్తుంది, ముగింపు వస్తుంది. మనసులో ఉన్నప్పుడు ఆ మూడూ ఉండవు. ఇంత సులువైన సంగతికి ఇంత వెక్కిరింత ఎందుకో నాకు ఈనాటికీ బోధపడలేదు.

ఆమె తప్పు చేయలేదని నేను అనను. నేను చేరిన కొత్తలో ఒక కాలేజీ అమ్మాయి వచ్చేది. సిద్ధంగా ఉందనుకుని మేడమ్ ఆమెకొక దృశ్యం చూపించారు. ఆ అమ్మాయి వణికిపోయి, లేచి వెళ్లి, నాలుగు నెలలు తిరిగి రాలేదు. మేడమ్ దాన్ని దాచిపెట్టలేదు. మా చిన్న బృందాన్ని కూర్చోబెట్టి, నా తొందర వల్ల ఒక మనిషికి గాయమైంది అని పూసగుచ్చినట్టు చెప్పారు. ఆ అమ్మాయి తిరిగి వచ్చినప్పుడు నిలబడి క్షమాపణ అడిగారు. ఆనాటి నుంచి రెండు నియమాలు పెట్టుకున్నారు. రిమోట్ ఎప్పుడూ వచ్చినవారి చేతిలోనే ఉండాలి. లేని మాటలు వినపడేవారికీ, గాయం ఇంకా పచ్చిగా ఉన్నవారికీ సినిమా అసలు చూపించకూడదు. తప్పు ఒప్పుకున్నవారిని వెక్కిరించడం సులభం. ఆ పెద్ద డాక్టరు గారు ఒక సదస్సులో ఈ ఉదంతాన్నే ఎత్తి, "భూతాలను పిలిచేవారికీ మనకూ తేడా ఉండాలి కదా" అని నవ్వించారు. మేడమ్ లేచి, "ఉంది సార్. వాళ్ల దగ్గరికి వెళ్లినవాళ్లు తమ భయం గురించి నోరు విప్పుతారు. మన దగ్గర విప్పడం లేదు. ఎందుకో ఆలోచిద్దాం" అని కూర్చున్నారు. ఎవరూ నవ్వలేదు.

నా తెలుగు కూడా ఆమె పెట్టిన భిక్షే. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి మగ్గం పనికి సూరత్ వచ్చాడు. నేను ఇదే ఊళ్లోని వడోద్‌లో పెరిగాను. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో గుజరాతీ. మొదట్లో నేను రోగుల మాటలను ఇంగ్లీషులోకి మార్చి రాసుకునేదాన్ని. మేడమ్ ఆ పుస్తకం చూసి పక్కన పెట్టేశారు. "ఈయన 'గుండెల రాయి వడ్డట్టున్నది' అన్నాడు. నువ్వు ఆందోళన అని రాశావు. రాయి ఏమైంది?" అని అడిగారు. ఎవరి మాట వారి భాషలోనే, వారి యాసలోనే రాయాలన్నారు. నాకు తెలుగు రాత సరిగా రాదని చెబితే, నేర్చుకో అన్నారు. నేర్చుకున్నాను. ఈ వ్యాసంలో తప్పులుంటే అవి నావి.

ఇక రాజమల్లు సంగతి చెప్పాలి. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. ఆయన కోరినట్టు పేర్లన్నీ మార్చాను.

రాజమల్లు పాండేసరలో బట్టలకు రంగులు వేసే ఒక మిల్లులో పనిచేసేవాడు. మొదటి లాక్‌డౌన్‌కు కొన్ని వారాల ముందు అదే మిల్లులో శంకర్ అనే తోటి కార్మికుడు రసాయనాలు పెట్టే గదిలో చనిపోయాడు. తాగి లోపల పడుకున్నాడని మిల్లువాళ్లు రాసుకున్నారు. లాక్‌డౌన్‌లో మిల్లు మూతపడితే రాజమల్లు సొంతూరు వెళ్లాడు. కొన్ని నెలలకు మళ్లీ పిలుపు వస్తే తిరిగివచ్చాడు గాని, గేటు దాకా వెళ్లి లోపలికి అడుగుపెట్టలేకపోయాడు. ఎక్కడ ఏ తలుపు చప్పుడైనా చెవులు మూసుకుని కూలబడేవాడు. గాలి సోకిందని భార్య తాయెత్తులు కట్టించింది. చివరికి మా నాన్న ఆయన్ను మేడమ్ దగ్గరికి తీసుకొచ్చాడు.

ఆ పాటికి మేము చాలామందితో ఫోన్‌లోనే మాట్లాడుతున్నాం. రాజమల్లుతో అది కుదరలేదు. ఒకే గదిలో ఆరుగురితో కలిసి ఉండే మనిషి ఏ మూలకు వెళ్లి తన భయం చెప్పుకుంటాడు? అలాంటివాళ్లను మేడమ్ వారానికి ఇద్దరిని మాత్రం, కిటికీలన్నీ తెరిచి, ముఖాలకు మాస్కులతో, దూరంగా కూర్చోబెట్టుకుని చూసేవారు. రాజమల్లు గారూ అని, మీరు అని పిలిచేవారు. ఆయన ఇబ్బంది పడి కుర్చీ అంచున కూర్చునేవాడు. మూడు వారాలు ఏమీ మాట్లాడలేదు. నాలుగో వారం, మేడమ్ అలవాటుగా అడిగే ప్రశ్నకు, చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో చూసిన ఒక సినిమా కథ చెప్పాడు. చచ్చిపోయిన మనిషి వచ్చి ఇంటి తలుపు కొడుతూ ఉంటుంది. మేడమ్ ఆయన్ను అడిగి, ఒప్పుకున్నాక, అలాంటి దృశ్యమే ఉన్న మరో సినిమా తెచ్చి, రిమోట్ ఆయన చేతిలో పెట్టారు.

మొదటి చప్పుడుకే ఆపేశాడు. ఆ వారం అంతే. తర్వాతి వారం కూడా అక్కడే ఆపాడు. ఆ తర్వాతి వారం రెండో చప్పుడు దాకా విన్నాడు. మేడమ్ తొందరపెట్టలేదు, ఆ తలుపు తెరుచుకోవడం చూడాలని ఒక్కసారీ అనలేదు. ఇంకో వారం, మూడు చప్పుళ్లు విని ఆపి, రిమోట్ ఒడిలో పెట్టుకున్నాడు.

"మేడం, సినిమల అది కొట్టేది లోపటికి రానీకి. మా శంకర్ కొట్టింది బయటికి రానీకి."

నాకు చేతిలో కలం ఆగిపోయింది. మేడమ్ గొంతు మాత్రం మారలేదు.

"మీకు వినపడిందా?"

"ఇనవడ్డది. నేను పక్కనే మిషన్ కాడున్న. సూపర్‌వైజర్‌కు చెప్పిన. పైపుల ఆవిరి కొడుతున్నది, నీ పని చూస్కో అన్నడు. గట్లనే కావచ్చనుకున్న. జర సేపటికి చప్పుడు బందైంది."

"ఆ తర్వాత ఎవరికైనా చెప్పారా?"

"ఇంటామెకు చెప్పిన. నీకు గాలి సోకింది, ఏం లేదు, పండుకో అన్నది."

మేడమ్ కుర్చీలో ముందుకు వంగారు. "మీకు గాలి సోకలేదు రాజమల్లు గారూ. మీకు నిజంగా వినపడింది."

ఆయన మాస్కు తీయకుండానే ఏడ్చాడు. అది తడిసి ముఖానికి అంటుకుపోయింది. మేడమ్ లేచి ఒక కొత్త మాస్కు తెచ్చి బల్లమీద పెట్టి, మళ్లీ తన చోట కూర్చున్నారు. అలా ఒక మనిషి ఏడుపు పూర్తయ్యేదాకా ఏమీ చేయకుండా కూర్చోగల శక్తి నేను మరెవరిలోనూ చూడలేదు.

ఆ తర్వాత రాజమల్లు నిద్రపోవడం మొదలుపెట్టాడు. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడడం తగ్గింది. మా పని అయిపోయిందని నేను అనుకున్నాను. ఆయనకు అయిపోలేదు. శంకర్ భార్య పద్మ దగ్గరికి వెళ్లి విన్నది విన్నట్టు చెబుతానన్నాడు. పని పోవచ్చునని, బెదిరింపులు రావచ్చునని మేడమ్ దాచకుండా వివరించారు. రెండు వారాలు ఆలోచించుకొమ్మన్నారు. ఆయన ఆలోచించుకుని, వెళ్లి చెప్పాడు. పద్మ విచారణ కోరుతూ కార్మిక శాఖకు కాగితం పెట్టుకుంది.

అప్పుడొచ్చాడు మిల్లు కాంట్రాక్టరు మనిషి. ఎంతో వినయంగా నమస్కారం పెట్టి, రాజమల్లుకు మతి స్థిమితం లేదని ఒక ముక్క రాసివ్వమన్నాడు. దయ్యాల సినిమాలు చూపించి చికిత్స చేస్తున్నారు కదా, ఇక వేరే రుజువు ఎందుకు అన్నాడు. మేడమ్ ఒకరి సంగతి మరొకరికి చెప్పనని అతణ్ణి పంపేశారు. తర్వాత రాజమల్లు స్వయంగా అడిగితే, ఆయన చేతికే ఒక పత్రం రాసి ఇచ్చారు. ఇతనికి భయం ఉంది, ఆ భయానికి కారణమైన సంఘటన ఇతనికి స్పష్టంగా, వరుసక్రమంలో గుర్తుంది, మతిభ్రమ లేదు. ఇంతే అందులో ఉన్నది. పది రోజుల్లో ఇంటి యజమాని గదులు ఖాళీ చేయమన్నాడు. కారణం చెప్పలేదు. మేడమ్ అడగలేదు.

నేను భయపడ్డాను. ఆమాట దాచను. మనం చికిత్స చేసేవాళ్లం, తగాదాలు మనకెందుకు మేడమ్ అన్నాను. ఆమె పుస్తకాలు పెట్టెలో సర్దుతూ, "సగంలో లేచి వచ్చేస్తే మిగిలేది భయం ఒక్కటే, సరితా. ఆయన చివరిదాకా కూర్చుంటానంటున్నారు. నేను లేచి పోనా?" అన్నారు. మరుసటి రోజు రెండు కుర్చీలు, టీవీ ఆటోలో వేసుకుని వడోద్‌లోని మా ఇంటి ముందు గదికి వచ్చారు. మా నాన్న తన మంచం వెనక గదిలోకి మార్చుకున్నాడు. ఆ ముందు గదిలోనే ఆమె ఆఖరి నెలల పని జరిగింది. మానుకున్నారని చెప్పిన పెద్దలు ఆ గది చిరునామా అడిగితే ఇస్తాను.

ఇంట్లో కూర్చుని ఉంటే బతికేవారు కదా అని ఇప్పుడు కొందరు అంటున్నారు. ఆ మాట నేను కూడా చాలాసార్లు అనుకున్నాను; ఆ జబ్బు ఆమెకు మా ఇంట్లోనే అంటుకుందేమోనని కుమిలిపోయాను. సత్యనారాయణ గారితో చెప్పుకుంటే, "పాలు తేవడానికి నేనూ బయటికి వెళ్లానమ్మా. ఎక్కడ అంటిందో ఎవరికి తెలుసు? ఆమె వెళ్లకుండా ఉండే మనిషి కాదు, అది మాత్రం తెలుసు" అన్నారు. ఇక ఆ ప్రశ్నకు నేను జవాబు వెతకడం మానేశాను. ఆమె నిర్లక్ష్యం వల్ల పోలేదు. చోటు లేని మనిషికి మాట్లాడుకునే చోటు ఇవ్వడం తన పని అనుకున్నారు. ఆ పని ఎంత జాగ్రత్తగా చేయవచ్చో అంత జాగ్రత్తగా చేశారు.

ఆమె పోయిన అయిదో వారంలో విచారణ జరిగింది. రాజమల్లుకు తోడుగా వెళ్లిన నన్ను వెనక బెంచీ మీద కూర్చోబెట్టారు. రాజమల్లు చప్పుడు విన్నది, సూపర్‌వైజర్‌కు చెప్పింది, అతడన్నది, అన్నీ వరుసగా చెప్పాడు. మిల్లు తరఫున వచ్చిన ఆయన లేచి, నువ్వు దయ్యాల సినిమాలు చూపించే ఆమె దగ్గర వైద్యం చేయించుకున్నావా లేదా అని హిందీలో అడిగాడు. గదిలో ఎవరో నవ్వారు. రాజమల్లు తల దించుకుంటాడేమో అనుకున్నాను. ఆయన చేతులు కట్టుకోలేదు, గొంతు పెంచలేదు. ముందు హిందీలోనే జవాబిచ్చి, అదే మాటను నావైపు తిరిగి మన భాషలో మళ్లీ చెప్పాడు.

"అవ్ సార్, పోయిన. ఊకె భయపడుకుంట ఉంటుంటి. ఆమె కాడికి పోయినంకనే నేను ఇన్నది ఏందో నాకు ఎరుకైంది."

విచారణ జరుపుతున్న అధికారి ఆ మాటలు రాసుకున్నారు. మరికొన్నాళ్లకు వచ్చిన కాగితంలో శంకర్ తాగి ఉన్నాడన్న వాక్యం లేదు. తలుపు బయటి గడియ పాడై, లోపలి నుంచి తెరుచుకోని స్థితిలో ఉన్నదని, లోపలి నుంచి కొట్టిన చప్పుడు విన్న సాక్షి ఉన్నాడని ఉంది. తక్కిన న్యాయం ఇంకా జరగవలసి ఉంది. జరిగేదాకా మేము వెళ్తూనే ఉంటాం. పద్మ ఆ కాగితం నాచేత రెండుసార్లు చదివించుకుంది. "నా పిల్లలు ఇగ వాళ్ల బాపు తాగి సచ్చిండన్న మాట ఇనరు" అంది. తర్వాత, ఆ మేడం ఎట్లుంటుండె అని అడిగింది. ఆమె మేడమ్‌ను ఎన్నడూ చూడలేదు.

పొట్టిగా ఉండేవారని చెప్పాను. కోపం ఎక్కువని, టీలో చక్కెర వేసుకునేవారు కాదని, ఎవరైనా మాట్లాడుతుంటే గడియారం వంక చూసేవారు కాదని చెప్పాను. ఇంకా ఏదో చెప్పాలి, అది నాకు దొరకలేదు. ఈ ఊళ్లో మనసు మందులు రాసేవారు ఇంకా ఉన్నారు, సదస్సుల్లో మాట్లాడేవారు ఉన్నారు, రేపు నాకంటే తెలివైన శిష్యులూ పుడతారు. కాని అందరూ ఆవిరి చప్పుడని కొట్టిపారేసినదాన్ని మనిషి చప్పుడని గుర్తుపట్టిన ఆ చెవి మళ్లీ రాదు. మేడమ్, మీకు నా సాష్టాంగ ప్రణామం. ముందు గదిలో కుర్చీలు రెండూ అలాగే ఉన్నాయి. గురువారం ఒక ఆస్పత్రి నర్సు వస్తానంది. శవాల గది దగ్గర పనిచేసిందట. నిద్ర పట్టడం లేదంది. ఏ సినిమాకు కళ్లు మూసుకునేదో అడుగుతాను.